మొదటి నవల ఎవరూ అచ్చు వెయ్యట్లేదు, ఇంక ఏటి చెయ్యాలో చెప్పండి

నేరోగేజ్_పిల్ల (పర్లాకిమిడి, ఒడిశా):

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చాన్నాళ్లబట్టి చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, పొడుగైపోతే తిట్టుకోకండి.

నేనొక నవల రాసాను. మా చిన్న రైలు మీద. నౌపడలో బయల్దేరి టెక్కలి, తెంబూరు, పాతపట్నం మీంచి మా ఊరొచ్చి, కాశీనగర్ దాటి గుణుపురం వెళ్లీదే, ఆ నేరోగేజ్ బండి. పర్లాకిమిడి రాజులు వేయించిన లైను, 1900లో మా ఊరి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చింది. 2004లో బండి ఆపీసి, ఆ సన్న పట్టాలు పీకీసి వెడల్పు బ్రాడ్‌గేజ్ వేసారు, గుణుపురం మళ్లీ రైలు వెళ్లీసరికి 2011 అయ్యింది. ఆ మధ్యలో, బండిలో పల్లీలు అమ్ముకుని బతికిన ఒక తాత, అతని మనవరాలు ఏటయిపోయారన్నదే కథ. తాత మాటలు తాత మాట్లాడినట్టే రాసాను, అంటే మా ఊళ్లో మాట్లాడినట్టే, మధ్యమధ్యలో ఒడియా ముక్కలు పడతాయి, వాటికి కింద అర్థాలు ఇవ్వలేదు.

నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది, మిగతాదంతా పాతపట్నం బస్టాండులో కొనుక్కొచ్చిన వారపత్రికలు నేర్పాయి. లేబ్‌లో పని చేస్తాను, నైట్ డ్యూటీలో శాంపిల్స్ మిషన్లో పెట్టీసి ఆ గేప్‌లో ఫోన్లో టైప్ చేసుకుంటూ పూర్తి చేసాను. ఇప్పుడు ఆ ఫైలు ఓపెన్ చెయ్యాలంటేనే కడుపులో తిప్పుతోంది.

ఎందుకంటే పంపిన చోటల్లా ఇదే తంతు. కొందరు అసలు జవాబే ఇవ్వలేదు. ఒకరు "శైలి బాగుందమ్మా, కానీ ఇది ఒడిశా కథ, మన పాఠకులకి కనెక్ట్ అవ్వదు" అన్నారు. ఇంకొకరు ఖర్చు మీరు పెట్టుకుంటే వేస్తాం అన్నారు. ఒక వారపత్రికకి ఫోన్ చేస్తే ఇప్పుడు సీరియల్సే తీసుకోవట్లేదమ్మా అని పెట్టీసారు. ఒక పోటీకి పంపితే ఫలితాలు ఎవరిదో ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకున్నాను, నా పేరు సాధారణ ప్రచురణ లిస్టులో కూడా లేదు. అన్నిటికంటే ఘోరం ఇంకొకాయన, ఇంత పొడుగు మెయిల్ రాసారు, తాత పోయాక మీకు ఏం చెప్పాలో తెలీక నూరు పేజీలు ఊరంతా తిరిగారు, మనవరాలు ఏం కోరుకుంటోందో మీకే తెలీదు, తహసీల్దారు ఆఫీసు చాప్టరు మొత్తం తీసేసినా ఎవరికీ తెలీదు అని. అది చదివి బాత్రూంలోకెళ్లి ఏడ్చాను.

మా ఆయన మంచోడే గానీ "వదిలీ, నీకెందుకీ గోల, నిద్ర కూడా ఉండట్లేదు" అంటాడు. మా అమ్మేమో పెళ్లిలో అందరి ముందూ మా పిల్ల పుస్తకం రాసింది తెలుసా అంటాది, వాళ్లు ఏది చూపించు అంటారు. ఫేస్‌బుక్ తెరిస్తే ఎవరిదో ఒకరి పుస్తకావిష్కరణ, శాలువాలు, ఫొటోలు. కుళ్లుకుంటున్నాను, దాచుకోవడం ఎందుకు.

మీలో రాసీవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇది ఎలాగ తట్టుకుంటారు? కొన్నాళ్లు పక్కన పెట్టీయాలా, సొంత డబ్బులతో వేసీసుకోవాలా, లేపోతే ఇది నా వల్ల అయ్యీ పని కాదని ఒప్పీసుకోవాలా?

రాయగడ_రాజు:

అక్కా, నవలల సంగతి నాకు తెలీదు గానీ ఆ బండి నేను ఎక్కాను, చిన్నప్పుడు, మా పెదనాన్న కాశీనగర్‌లో ఉండీవోడు. దిగి పరిగెట్టి మళ్లీ ఎక్కీవోళ్లం. ఒక మాట అడుగుతాను ఏటనుకోకు, ఒడియా మీడియం చదివావు కదా, ఒడియాలో రాసీయొచ్చు కదా? కటక్, భువనేశ్వర్‌లో బోల్డుమంది పబ్లిషర్లు. ఇక్కడ తెలుగు ఎవడు చదువుతాడు చెప్పు.

నేరోగేజ్_పిల్ల:

ఒడియాలో పరీక్షలు రాసాను తమ్ముడూ, మా అమ్మతో దెబ్బలాడింది మాత్రం తెలుగులోనే. నా నవల్లో అందరూ దెబ్బలాడుకునీవాళ్లే.

ప్రూఫులమ్మ (ఇచ్ఛాపురం, ప్రస్తుతం హైదరాబాద్):

మేడం, నేను ఒక చిన్న ప్రచురణ సంస్థకి ప్రూఫులు చూస్తాను, వచ్చిన రాతప్రతులు కూడా ముందు నా దగ్గరికే వస్తాయి చాలాసార్లు. అటు పక్క ఏం జరుగుతుందో చెప్తాను, దాంతో మీ బాధ తగ్గుతుందో పెరుగుతుందో మరి.

ముందు ఒకటి, తెలుగులో పబ్లిషర్ అంటే పెద్ద ఆఫీసు, వరసగా ఎడిటర్లు, అలాంటివేం చాలా చోట్ల ఉండవు. ఇద్దరో ముగ్గురో మనుషులు, వాళ్లకి పొట్టకూటికి వేరే ఉద్యోగాలు. ఇంగ్లీషు వాళ్లకి ఉన్నట్టు రాతప్రతి పట్టుకుని తిరిగే ఏజెంట్లు మనకి లేరు. కవిత్వం అయితే గంటలో తిరగేస్తారు, కథల సంపుటి అయితే రెండు కథలు చూస్తారు, నవల చదవాలంటే వరసగా రెండు మూడు ఆదివారాలు కావాలి, అవి ఎవరి దగ్గరా లేవు, అందుకని నవల ఎప్పుడూ మెయిల్‌లో కిందకి కిందకి పోతూ ఉంటుంది. మీకు జవాబు రాలేదంటే మీ నవల నచ్చలేదని కాదు, ఫైలు తెరవలేదని. ఇది తెలిసినా కోపం రావాల్సిందే, కాకపోతే అది మీ రాత మీద కాకుండా మా బద్ధకం మీద రావాలి.

ఆ "ఒడిశా కథ, కనెక్ట్ అవ్వదు" అన్నది సాహిత్య విమర్శ కాదండీ, వ్యాపారం మాట. ఎవరికి అమ్మాలో నాకు తెలీదు అని చెప్పడానికి ఆయనకి దొరికిన మర్యాద అది. దానికి జవాబు మీ ఉత్తరంలో మీరే ఇవ్వొచ్చు. ఆ లైన్లో నౌపడ, టెక్కలి, తెంబూరు, పాతపట్నం ఆంధ్రాలోనే ఉన్నాయి కదా, ఆ ఊళ్ల నుంచి విశాఖ, హైదరాబాదు వలస వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు, వాళ్ల వాట్సాప్ గ్రూపులు కూడా ఉంటాయి. ఆ ముక్క మొదటి పేరాలో రాయండి. నవల మొత్తం ఒకేసారి పంపకండి. ఒక పేజీ కథాసారం (ముగింపుతో సహా, దాచిపెట్టి సస్పెన్స్ చెయ్యొద్దు), మొదటి మూడు చాప్టర్లు, అంతే. యూనికోడ్‌లో వర్డ్ ఫైలు. అచ్చుకి వాడే అను ఫాంటులోకి మార్చడం, మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతే వెతుక్కోవడం మా తలనొప్పి, మీది కాదు. మూడు నెలలు చూసి ఒక్క మెయిల్ పెట్టండి, కాదంటే కాదని చెప్పండి, వేరేచోట పంపుకుంటాను అని. ఆ మాటకి చాలామంది కదులుతారు.

ఖర్చు మీరు పెట్టుకోమన్నారని అవమానం అనుకోకండి, మంచి పేరున్న రచయితలు కూడా మొదటి పుస్తకం అలాగే వేసుకున్నారు, ఇప్పటికీ వేసుకుంటున్నారు. కాకపోతే డబ్బు ఇచ్చేముందు ఎన్ని కాపీలు, అవి ఎవరింట్లో ఉంటాయి, షాపులకి ఎవరు పంపుతారు, హక్కులు ఎవరి పేరున, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి.

పోటీలకి పంపే ఉద్దేశం ఉంటే, తానా (అమెరికాలో తెలుగు సంఘం) వాళ్లు నవలల పోటీలు పెడుతుంటారు, పత్రికలవీ అప్పుడప్పుడు ఉంటాయి, నవలని ఫేస్‌బుక్‌లో గానీ ప్రతిలిపి యాప్‌లో గానీ ముక్కలుగా పెట్టేయకండి. ఎక్కడా అచ్చు కాలేదు, ఏ వెబ్‌సైట్‌లోనూ రాలేదు అని హామీపత్రం అడుగుతారు, అక్కడ ఇరుక్కుంటారు.

ఇక తట్టుకోవడం గురించి, నాకు పెద్దగా తెలీదు గానీ మా దగ్గరికి వచ్చే ఒక రచయిత్రి చేసే పని చెప్తాను. రచనలు పంపడానికి వేరే మెయిల్ ఐడీ పెట్టుకుంది, అది ఫోన్లో ఉండదు, ఇంట్లో లాప్‌టాప్‌లో ఆదివారం మాత్రమే చూస్తుంది. డ్యూటీ మధ్యలో తిరస్కారం చదవాల్సిన అవసరం ఎవరికీ లేదు కదా.

బరంపురం_మేష్టారు:

అమ్మాయ్, నీ పోస్టు నిన్న రాత్రే చదివాను, ఫోన్లో తెలుగు కొట్టడం నాకు ఆలస్యం.

మా రోజుల్లో పత్రికలకి కథ పంపితే, తిప్పి పంపడానికి తగినన్ని స్టాంపులు అతికించి మన అడ్రసు మనమే రాసుకున్న కవరు జతచెయ్యాలి. అంటే తిరస్కారం మన దస్తూరీతోనే మనింటికి వచ్చీది. పోస్టుమేన్ వీధి చివర్నుంచే "మేష్టారూ, మీ కవరే" అని అరిచీవాడు, ఆ అరుపుతో వీధిలో అందరికీ తెలిసిపోయీది. నీకు బాత్రూం అయినా ఉంది. మేం ఆ కవరు విప్పి, మొదటి పేజీ నలిగిపోతే అదొక్కటీ మళ్లీ ఫెయిర్ చేసి, అదే రోజు సాయంత్రం లోపల ఇంకో పత్రికకి పోస్టు చేసీసీవాళ్లం. బాధపడకుండా కాదు, బాధపడడానికి కథ ఇంట్లో ఉండకూడదని.

అయితే మాకున్న సదుపాయం ఒకటి నీకు లేదు, అది చెప్పాలి. వారపత్రికల్లో సీరియళ్లు ఉండీవి. చతుర అని నెలకో నవల వేసే పత్రిక ఉండీది, 1978 నుంచి వచ్చింది, కొత్తవాళ్లు కూడా అందులో నవలలు రాసారు, దాంతోపాటు విపుల కథలకి. 2021లో రెండూ ఆపీసారు. కొత్తవాడి నవల పైసా ఖర్చు లేకుండా ఊరూరా బస్టాండు బడ్డీల్లో వేలాడీ రోజులు అక్కడితో చాలామట్టుకు పోయాయి. మనం తలుపు కొట్టి కొట్టి ఎవరూ తియ్యట్లేదని ఏడుస్తాం, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఉండట్లేదమ్మా. పైగా హైదరాబాదు, బెజవాడల్లో సభలకి తిరిగీవాళ్లకి పదిమంది పరిచయం ఉంటాది, మనం ఒడిశాలో కూచుని మెయిలు కొడతాం. ఇది కూడా లెక్కలో వేసుకో.

ఇప్పుడు నీకు నచ్చని మాట. అందరిలోకీ నిన్ను ఎక్కువ ఏడిపించినాయన ఉన్నాడే, ఆ పొడుగు మెయిలాయన, నీ నవల చివరిదాకా చదివింది అతనొక్కడేనని నీ పోస్టే చెప్తోంది. శైలి బాగుంది అన్నవాడు పది పేజీలు చదివుంటాడు. ఇతనికి తహసీల్దారు ఆఫీసు చాప్టరు గుర్తుంది. తాత పోయిన తరవాత మనవరాలికి ఏం కావాలి అని అడిగాడంటే ఆ పిల్ల గురించి ఆలోచించాడన్నమాట. అతను చెప్పిందంతా చెయ్యమని నేననను, చాప్టరు తీసీయమన్నది తప్పే అవ్వొచ్చు, ఆ ఆఫీసులో పరిహారం కోసం తిరగడమే నీ కథకి ముఖ్యమేమో. కానీ కోపం తగ్గాక ఆ మెయిలు ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, అతనికి విసుగొచ్చిన చోట్లు మాత్రం పెన్సిల్‌తో గుర్తు పెట్టు. అతను చెప్పిన మందు పనికిరాకపోయినా నొప్పి ఉన్న చోటు మాత్రం అదే అయ్యుంటాది. అతనికి జవాబిచ్చావా? ఇవ్వకపోతే రెండు వాక్యాల్లో థాంక్స్ చెప్పు, వాదించకు.

భాష గురించి కూడా. మీ ఊళ్లో బడిపంతులుగా చేసిన గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాష కోసం జీవితమంతా దెబ్బలాడారు, సవర భాషకి నిఘంటువు రాసారు, 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపీసారని ఆ వయసులో ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ ఊరి పిల్ల ఆ ఊరి మాటతో నవల రాస్తే మన పాఠకులకి అర్థం కాదంటే నాకు ఒళ్లు మండింది, అందుకే ఇంత రాసాను. ఒడియా ముక్కలకి కింద అర్థాలు ఇవ్వకు. కాకపోతే సందర్భం బట్టి తెలిసీలాగ ఉన్నాయో లేదో శ్రీకాకుళం దాటిన మనిషి ఎవరిచేతైనా చదివించి చూడు.

సిరోంచ_సుధ:

అక్కా, మాది గడ్చిరోలి జిల్ల సిరోంచ. మహారాష్ట్రల ఉన్నా ఇంట్ల, బజార్ల అంత తెలుగే, మా పిల్లలు మాత్రం మరాఠీల చదువుతరు. నీ పోస్టు చదువుతుంటే నన్నెవరో చూసి రాసినట్టే అనిపించింది. నాకు గిట్లనే చెప్పిన్రు, ఇటు తెలంగాణోళ్లేమో మీరు మహారాష్ట్ర అంటరు, అటువోళ్లకేమో తెలుగే రాదాయె.

నేనైతే ఆగలె, సొంత పైసలతోనే వేసిన. మేష్టారు సారు చెప్పినట్టు ఓపిక పట్టుడు మంచిదే గని అందరికి అంత ఓపిక ఉండది. కని వేసినంక ఏమైతదో ఎవరు చెప్పరు, నేను చెప్త. ప్రింటు అయి అట్టపెట్టెలు ఇంటికొచ్చిన రోజు పండుగ, తెల్లారి నుంచి ఆ పెట్టెలు మంచం కిందికెళ్లి నిన్ను చూస్తనే ఉంటయి. షాపులోళ్లు రేటుల నలభై శాతం, కొందరు సగం దాక కమీషన్ అడుగుతరు, అమ్మినంకనే పైసలు, అవిట్ల పోస్టు ఖర్చు నీదే. అందుకే ఐదువందలు, వెయ్యి అని ఎవరన్న చెప్తే వినకు, ఇప్పుడు డిజిటల్ల వంద కాపీలు గూడ వేస్తరు, ఒక్కదానికి రేటు జర ఎక్కువ పడుతది గని మంచం కింద జాగ మిగులుతది. ఇంకోటి, పుస్తకం వెనుక ఉండే ఐఎస్‌బీఎన్ నంబరుకు పైసలు అడిగిండు నన్నొకడు. రూపాయి గూడ ఇయ్యకు, అది సర్కారోళ్లు ఆన్‌లైన్ల ఫ్రీగ ఇస్తరు, నీ పేరు మీదనే నువ్వే తీస్కోవచ్చు.

నా పుస్తకాలు షాపులల్ల కన్న 2022ల ప్రాణహిత పుష్కరాలప్పుడు ఎక్కువ పోయినయ్. మా చుట్టపాయన కొబ్బరికాయల దుకాణం పెట్టిండు, దాని మూలకు బల్లేసుకొని కూసున్న. స్నానం చేసి తడిబట్టలతోని వచ్చినోళ్లు కవరు మీద నది బొమ్మ చూసి కొన్నరు. సాహిత్యం అనుకొని ఎవరు కొనలేదక్కా, మా ఊరి పేరు ఉన్నదని కొన్నరు. నాకదే చాలనిపించింది, నీకు అనిపిస్తదో లేదో చూస్కో. పెద్ద పత్రికల రివ్యూ రావాలె, అవార్డు రావాలె అని ఉంటే మాత్రం సొంతంగ వేస్తే ఆ బాధ పోదు, ఇంకో బాధ జమైతది.

నేరోగేజ్_పిల్ల:

అందరికీ జవాబు రాయాలంటే ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు. మేష్టారూ, మీ పోస్టు చదివి మొదట మీ మీద కూడా కోపం వచ్చింది, తరవాత ఆ మెయిల్ మళ్లీ తెరిచాను. మనవరాలు ఏం కోరుకుంటోందో అన్న ముక్కకి మాత్రం నా దగ్గర జవాబు ఉన్నాది, బుర్రలో ఉన్నాది, కాగితం మీద పెట్టలేదు. ఆ పిల్లకి బ్రాడ్‌గేజ్ బండి రావాలనే ఉంటాది, తాతకి ద్రోహం చేస్తున్నట్టు అనిపించి పైకి అనదు. ఇది ఎక్కడా రాయలేదు నేను. తహసీల్దారు చాప్టరు మాత్రం తియ్యను.

ప్రూఫులమ్మగారూ, వేరే మెయిల్ ఐడీ ఇందాకే చేసాను. సుధా, నీ పుస్తకం ఎలా పంపిస్తావో ఇన్‌బాక్స్‌లో చెప్పు, ఊరికే వద్దు, డబ్బులు వేస్తాను. సొంతంగా వెయ్యడం గురించి ఇప్పుడే ఏమీ అనుకోను, ముందు ఆ నూరు పేజీల సంగతి చూడాలి.

బరంపురం_మేష్టారు:

బ్రాడ్‌గేజ్ రావాలని ఆ పిల్లకి లోపల ఉండడం బాగుందమ్మాయ్. అది రాసాక నాకు పంపు, చదువుతాను. నేను మొహమాటపడే మనిషిని కాదు, ముందే చెప్తున్నాను.

ప్రూఫులమ్మ:

మేడం, ఆ ఒక్క వాక్యం కథాసారంలో పెట్టండి. ఇది మీరు ముందే రాసుంటే నేనైతే ఆదివారం దాకా ఆగేదాన్ని కాదు.

రాయగడ_రాజు:

అక్కా, నేను మళ్లీ వచ్చాను. ఇందాక తెలుగు ఎవడు చదువుతాడు అన్నాను కదా, అసలు సంగతేటంటే నాకే చదవడం రాదు, మాటాడ్డం వచ్చు, ఈ పోస్టులన్నీ ఫోన్లో చదివించుకుని వింటన్నాను, నా జవాబులు కూడా నోటితో చెప్తే ఫోనే టైపు చేస్తంది. మా ఇంట్లో అందరమూ అంతే, మా పెదనాన్న ఒక్కడే చదవగలడు, అతనికిప్పుడు కళ్లు కనిపించట్లేదు. ఆ లైన్లోనే గేంగ్‌మేన్‌గా చేసాడు. ఇలాగ ఆ బండి మీద ఒకమ్మాయి కథ రాసిందంట అని చెప్తే నిన్నట్నుంచీ ఒకటే గోల, చదివి వినిపించమంటాడు. ఫోను గొంతుతో అతనికి పడదు, అది మిషన్ మాటాడినట్టుంటాది. నువ్వు నీ గొంతుతో చదివి పంపగలవా? మొత్తం కాకపోయినా, బండి ఉన్న చోట్లు.

నేరోగేజ్_పిల్ల:

పంపుతాను తమ్ముడూ, తప్పకుండా. నాకు చదవడం రాసినంత బాగా రాదు, దేనిమీద రికార్డ్ చెయ్యాలి, ఏదైనా యాప్ ఉంటాదా? ప్రూఫులమ్మగారూ, ఇలాగ ఒకరికి పంపితే ఆ హామీపత్రానికి ఏమీ అడ్డం రాదు కదా?

ప్రూఫులమ్మ:

ఇంట్లో పెద్దాయనకి చదివి వినిపించడం ప్రచురణ కిందకి రాదండీ. యూట్యూబ్‌లో మాత్రం పెట్టకండి.

రాయగడ_రాజు:

యాప్ ఏటీ వద్దు, వాట్సాప్ వాయిస్ చాలు. కానీ గంట గంట పెట్టకక్కా, అతను మధ్యలో లేచి అక్కడ గేటు లేదు, ఇక్కడ వాగు ఉండాలి అని దెబ్బలాడతాడు, అవి కూడా నీకు రికార్డ్ చేసి పంపాలి కదా. చిన్న చిన్న ముక్కలు పెట్టు. తెంబూరు దగ్గర్నుంచి మొదలెట్టు.